ఆరు టికి బొమ్మలు, ఒక ‘సరే’

నేను పదవీ విరమణ చేసిన రమణను. పదవి అంటూ పెద్దగా ఏమీ లేదు కనుక, విరమించింది పనిని అనడం సబబు. ఖతర్‌లో పదహారేళ్ళు ఈవెంట్ సెటప్ సూపర్‌వైజరుగా చేశాను. హోటళ్ళలో, బీచుల్లో మూడు రోజుల పండగ కోసం పన్నెండు రోజులు కట్టి, నాలుగో రోజు మధ్యాహ్నానికల్లా అక్కడేమీ జరగనట్టు చేసి వెళ్ళిపోవడం మా వృత్తి. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో మాత్రం “రమణ దుబాయ్‌ల సెట్టింగులు ఏస్తడు” అనేవారు. సినిమాలకని అనుకున్నారు. నేను సినిమానూ సరిచేయలేదు, దుబాయ్‌నూ సరిచేయలేదు. పైసా ఖర్చు లేకుండా కాస్త గొప్పగా కనిపించాను.

ఇప్పుడు మా వైపు పిల్లలు కొందరు ఇదే పనిలోకి వెళ్తూ “ఏం తెలుసుకోవాలె కాకా?” అని అడుగుతున్నారు. వీసాలు, జీతాలు, ప్రమోషన్ల గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక పండగ గురించి, అందులో నేను అన్న ఒక ‘సరే’ గురించి.

చూడని ద్వీపం

దోహాలో సముద్రపు ఒడ్డు హోటల్ ఒకటి ఏటా చలికాలంలో టికి పండగ జరిపేది. పసిఫిక్ సముద్రంలో పాలినేసియా అనే ద్వీపాలున్నాయి. అక్కడి కొయ్య దేవుళ్ళను, ఆకుల కప్పులను, పూలదండలను చూసీ చూడకుండా అమెరికా వాళ్ళు ఒకప్పుడు తమ హోటళ్ళలో ఒక ఉత్తుత్తి ద్వీపం కట్టుకున్నారట. వెదురు బల్లలు, గుడ్లురిమే మొహాలున్న మట్టి కప్పులు, పువ్వుల చొక్కాలు, బుల్లి గిటార్ల పాటలు. ఆ కొయ్య దేవుడి పేరే టికి. ఆ ఉత్తుత్తి ద్వీపానికి కూడా వయసు పైబడి, ఇప్పుడు దాన్ని పాతకాలపు మోజుగా మళ్ళీ తలుచుకుంటున్నారు. అంటే ద్వీపానికి నకలు హోటలు, ఆ హోటలుకు నకలు మా పండగ, ఆ పండగను కట్టేది గోదావరి మధ్యలో ఇసుక దిబ్బ తప్ప ద్వీపమంటే ఎరగని రమణ.

మా కుర్రాళ్ళు దీన్ని ‘టిక్కీల పండగ’ అనేవారు. మొదటి ఏడాది ఒకరిద్దరు ఆశగా ప్లేట్లు కూడా పట్టుకొచ్చారు.

ఆ మొదటి ఏడాదే నేను నా ప్రతిభ చూపించాను. గుడిసెల మీద కప్పడానికి కొబ్బరాకు దొరకలేదు. ఖతర్‌లో ఖర్జూరం మట్టలకు కొదవేముంది? ఉమ్ సలాల్ తోటల నుంచి బండెడు తెప్పించి కప్పించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఖర్జూరం మట్ట మొదట్లో వేలెడంత ముళ్ళుంటాయని నాకు తెలుసు. అవి రాలిన ఇసుకలోనే పండగకొచ్చేవాళ్ళు చెప్పుల్లేకుండా డాన్సు చేస్తారని మాత్రం తెలియదు. మొదటి పాట సగం కాకముందే ముగ్గురు కుంటుకుంటూ పక్కకు వచ్చేశారు. మిగతావాళ్ళు అది కూడా డాన్సులో భాగమే అనుకున్నారు.

హోటల్ తరఫున పండగ చూసేది రీమా అని ఒక లెబనాన్ ఆవిడ. అరుస్తుందనుకున్నాను. ఆవిడ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మైదానమంతా నిదానంగా నడిచింది. గుచ్చుకున్న చోటల్లా ఆగి, ముల్లు తీసి నా అరచేతిలో పెట్టింది. పదకొండు ముళ్ళు. ఆ తర్వాత ప్రతి ఏడాదీ తలుపులు తెరిచే ముందు ఆవిడా నేనూ వట్టికాళ్ళతో మైదానం చుట్టేవాళ్ళం. చాలామంది బాసులు మన పనిని ఫోటోలో చూస్తారు. పాదంతో చూసే బాసు దొరికితే వదులుకోకండి.

కంటైనర్ రాలేదు

ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు నాలుగేళ్ళుందనగా మాట ఇది. దేశమంతా స్టేడియాలు లేస్తున్నాయి. సుత్తి పట్టగలిగిన ప్రతి చెయ్యీ అక్కడే ఉంది. ఏటా మా పండగకు ఆరు ఫైబర్ టికి బొమ్మలు కంటైనర్లో వచ్చేవి, పండగ కాగానే మరో దేశంలో మరో హోటలుకు వెళ్ళేవి. ఆ ఏడాది కంటైనర్ ఏదో రేవులో చిక్కుకుంది. పండగకు పన్నెండు రోజులుంది.

“యల్లా రామానా, త్వరగా ఆరు బొమ్మలు కావాలి. ఎలాగో నాకు తెలియదు,” అంది రీమా మేడమ్.

స్టేడియం సైటు నుంచి మాకు అరువు మీద వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్ ఒకడుండేవాడు. రాజన్న, ఖానాపూర్ వైపు మనిషి. వడ్లవాళ్ళ, అంటే వడ్రంగుల, ఇల్లు. వాళ్ళ నాన్న చుట్టుపక్కల పది ఊళ్ళకు కొయ్య పోచమ్మలను చెక్కేవాడట. ఖతర్ వచ్చాక రాజన్న ఆరేళ్ళుగా కాంక్రీటు పోయడానికి పెట్టెలు కొడుతున్నాడు, కాంక్రీటు గట్టిపడగానే అవే పెట్టెలు విప్పుతున్నాడు. ఫోన్లో టికి ఫోటో చూపిస్తే వాడి మొహం విచ్చుకుంది.

“గిది మన పోతరాజే గదనే రమణన్నా!”

“పోతరాజు కాదు, టికి.”

“పేరేదన్న గానియ్యి. ఆ నోరు జూడు, ఆ గుడ్లు జూడు. పోతరాజుకు దుబాయ్ వీసా దొరికినట్టుంది.”

స్టేడియం సైటులో పారేసిన షట్టరింగ్ దుంగలు తెచ్చుకున్నాం. నాలుగేసి కలిపి, జిగురు పెట్టి బోల్టులు బిగిస్తే ఒక్కో దిమ్మె నా భుజం ఎత్తు వచ్చింది. ముఐథర్‌లో మా కంపెనీ షెడ్డు ఉండేది. అక్కడ రాజన్న ఉలి పట్టాడు. వాడి చేతిలో ఉలి అంత తొందరగా కదలడం చూస్తుంటే, ఆరేళ్ళు నోరు మూసుకున్న మనిషి ఒక్కసారిగా కబుర్లు మొదలుపెట్టినట్టుండేది. పొద్దున పని మొదలెట్టే ముందు ఒక అలవాటు. ప్లైవుడ్ ముక్క మీద పెన్సిలుతో, స్కేలు లేకుండా, ఒక మూర పొడవు గీత గీసేవాడు. గీత తిన్నగా వస్తే చెయ్యి బాగున్నట్టు.

తొమ్మిది రోజుల్లో ఆరు బొమ్మలూ నిలబడ్డాయి. నోళ్ళు, పళ్ళు, నాలుకలు, చెవులు, బొజ్జలు, పాదాలు అన్నీ ఉన్నాయి. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట రెండేసి నున్నటి ఉబ్బులు.

“కండ్లు ఆఖరికి,” అన్నాడు రాజన్న. “తానం జేసి, ఒక్కపొద్దుండి, నేనొక్కన్నే చెయ్యాలె. మొదటి సూపు మనిషి మీద వడొద్దు. అద్దం మీద వడాలె.”

“రాజన్నా, ఇది దేవుడు కాదు. డాన్సుల దగ్గర పెట్టే బొమ్మ.”

“నీకు బొమ్మనే. ఉలి నాది గద.” ఉలి కింద పెట్టి, ఇంకోమాట అన్నాడు. “కండ్లు తెరిచినంక మల్ల చెత్తల ఏసేది లేదు. నీళ్ళల్ల కలపాలె. మా నాయిన చెక్కిన పోచమ్మను ఒకసారి ఎవడో మోరీల వడేసిండు. గా యేడే ఆయన కుడిచెయ్యి వణుకుడు షురువైంది. మల్ల ఉలి వట్టలే. మాటియ్యన్నా, పండుగ కాంగనే నీళ్ళల్ల ఇడుద్దమని.”

ఆ సమయంలో నాకు ఒక చెవి దగ్గర ఫోను, మరో చెవి దగ్గర ఎలక్ట్రీషియనూ ఉన్నారు. “సరే, సరే,” అన్నాను. సూపర్‌వైజర్లు రోజుకు ఎన్ని ‘సరే’లు అంటారో లెక్కలేదు. అవతలి మనిషిని అవతలికి పంపడానికి మేం వాడే మాట అది. వాడు మాత్రం దాన్ని మాట కిందే తీసుకున్నాడు.

బండి అద్దం

మర్నాడు పొద్దున్నే కళ్ళు తెరిచే పని. అద్దం కావాలి. క్యాంపులో ఉన్న అద్దాలన్నీ గోడలకు అతికించినవే. మా డ్రైవర్ సత్యం, కోనసీమ మనిషి, ఒకప్పుడు ఇళ్ళల్లో డ్రైవరుగా చేసి మా కంపెనీకి వచ్చాడు. అతను గొణుక్కుంటూనే పికప్ పక్క అద్దం ఊడదీసి తెచ్చాడు.

“ఇదిగోనండి రాజన్న గారూ. జాగ్రత్త. ఇందులో ఉన్నవి కనపడేదానికంటే దగ్గరగా ఉంటాయని కంపెనీవాళ్ళే రాశారు. దేవుడు కంగారు పడకుండా చూసుకోండి.”

సత్యం ఎదురుగా అద్దం పట్టుకుని, తను బొమ్మను చూడకుండా తల పక్కకు తిప్పి నిలబడ్డాడు. రాజన్న మొదటి కన్నుకు ఉలి ఆనించాడు. సరిగ్గా అప్పుడు షెడ్డు తలుపు తోసుకుని రీమా మేడమ్ వచ్చింది.

“మేడమ్! ఎదురుంగ రావద్దు!” అని రాజన్న అరిచాడు. తెలుగులోనే అరిచాడు. తర్జుమా చేయడానికి నేను నోరు తెరిచేలోపు ఆవిడ గిర్రున తిరిగి బొమ్మల వెనక్కి వెళ్ళిపోయింది. ఆరో బొమ్మ రెండో కన్ను అయ్యేదాకా అక్కడే నిలబడింది. అంతా అయ్యాక అడిగింది, ఎందుకని. చెప్పాను. నీళ్ళ సంగతి తప్ప. అది అప్పటికే మర్చిపోయాను.

పండగ బాగా జరిగింది. జనం ఆ బొమ్మల పక్కన నిలబడి, అలాగే నోళ్ళు తెరిచి ఫోటోలు దిగారు. ఫైబర్ బొమ్మలతో ఎవరూ దిగిన గుర్తు లేదు. ఒకాయన వచ్చి ఇవి ఏ ద్వీపం నుంచి తెప్పించారని అడిగాడు. “ఖానాపూర్,” అన్నాను. ఆయన తల ఊపి, ఆ ద్వీపం పేరు విన్నానన్నాడు.

చెత్త డబ్బా

నాలుగో రోజు శుక్రవారం. కప్పు పనుల మీద వచ్చిన పెద్దమనుషులు మర్నాడు హోటలు చూడ్డానికి వస్తారట. రెండు గంటలకల్లా బీచి ఖాళీగా ఉండాలని హోటలు హుకుం. వెదురు, ఆకు, ప్లైవుడ్డు అన్నీ గదంత చెత్త డబ్బాలో పడుతున్నాయి. కుర్రాళ్ళు మొదటి బొమ్మను పడుకోబెట్టి డబ్బా వైపు ఈడుస్తున్నారు.

రాజన్న దాని మీద అడ్డంగా కూర్చున్నాడు.

“రమణన్నా, మాటిచ్చినవ్.”

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిన వెంటనే, ఆ పొద్దున నేను పెట్టిన సంతకం కూడా గుర్తొచ్చింది. హోటలు ఇచ్చిన పారవేత స్లిప్పులో ‘కొయ్య బొమ్మలు ఆరు, చెత్తకు’ అని ఉంది. సామాను గేటు దాటితే అందులో రాసిన చోటికే పోవాలి. తేడా వస్తే సూపర్‌వైజర్ ఇంటికి. ‘ఇంటికి’ అంటే మా భాషలో విమానం ఎక్కడం.

“రాజన్నా, స్లిప్పు మీద సంతకం పెట్టిన. చెత్తకు అని.”

“నాకు సంతకం రాదు. నోటి మాటనే తెలుసు.” వాడు జేబులోంచి పెన్సిలు తీసి, పక్కన పడున్న ప్లైవుడ్ ముక్క మీద గీత గీశాడు. అది వంకర పోయింది. ఇంకోటి గీశాడు. అదీ అంతే. భయంతో ఎవరి చెయ్యైనా వణుకుతుందని నాకు తెలుసు. వాడికి ఆ సంగతి చెప్పి లాభం లేదని కూడా తెలుసు. ఆరేళ్ళ తర్వాత వాడి చేతికి మాటలొచ్చాయి, నా ‘సరే’ వల్ల మళ్ళీ మూగబోతుందేమో.

సత్యం నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. “రమణ గారూ, ఇక్కడ ఒడ్డంతా కెమెరాలండి. అల్ రువైస్ వెళ్దాం. మా పాత సేఠ్ కుటుంబాన్ని చేపలకు తీసుకెళ్ళేవాణ్ణి. ఊరి బయట ఒడ్డున ఎవరూ ఉండరు.”

పికప్‌లో ఆరు బొమ్మలనూ పడుకోబెట్టి టార్పాలిన్ కప్పాం. చెత్త బండి ముందు వెళ్ళింది. దాని వెనకే, అదే స్లిప్పు చూపించి మేం గేటు దాటాం. పదహారేళ్ళలో తెలిసి తెలిసి నేను చేసిన తప్పు అదొక్కటే. తెలియక చేసినవాటికి ఒక పుస్తకం చాలదు.

మోకాలి లోతు

ఉమ్ సలాల్ దాటుతుండగా సత్యం ఫోను మోగింది. అక్కడి తోటలో పనిచేసే అతని బావమరిది.

“బావా, ఇప్పుడే మా గేటు ముందు నుంచి వెళ్ళావా? నీ బండి వెనకాల ఎవడో నాలుక బయటపెట్టి నన్ను వెక్కిరించాడు!”

బండి ఆపి చూస్తే టార్పాలిన్ ఎగిరిపోయింది. ఆరుగురూ ఆకాశంలోకి గుడ్లు మిటకరిస్తూ, హైవే మీద ఇరవై కిలోమీటర్లు దర్జాగా ప్రయాణించారు.

అల్ రువైస్‌లో ఊరు దాటి ఒడ్డుకు చేరాం. ఒకే ఒక పాత పడవ ఇసుక మీద బోర్లా పడి ఉంది. మనుషులు లేరు. రాజన్న దండం పెట్టుకున్నాడు. ముగ్గురం మొదటి బొమ్మను ఎత్తుకుని నీళ్ళలో దిగాం.

నడిచాం. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ఇంకా నడిచాం. పిక్కల దాకానే ఉన్నాయి. ఆ ఒడ్డున సముద్రం వడ్డించని విస్తరిలా పల్చగా పరుచుకుని ఉంటుంది. ఆయాసపడుతూ వెనక్కి చూస్తే పికప్ అగ్గిపెట్టెంత కనబడింది. ముందు చూస్తే నీళ్ళు మోకాళ్ళ దాకానే.

“ఎంత వోయినా మోకాళ్ళేనాయె,” అన్నాడు రాజన్న.

“ఇంకో గంట నడిస్తే ఇరాన్ వస్తుందండి. అక్కడ లోతుంటుందేమో,” అన్నాడు సత్యం.

అక్కడే దించాం. బొమ్మ నీళ్ళలో ఒక్క మునక వేసి, బుడుంగున పైకి తేలింది. వెల్లకిలా తేలి, మా ముగ్గురినీ చూసి నోరంతా తెరిచి నవ్వుతోంది. మాకు వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన అనుభవం ఉంది. మట్టి మునుగుతుంది. కొయ్య మునగదు. ముగ్గురిలో ఒకడు వడ్రంగి, ఒకడు గోదావరి పాయల మధ్య పుట్టినవాడు, ఒకడు సూపర్‌వైజర్. ఆ సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

నెట్టాం. అల దాన్ని తెచ్చి మళ్ళీ మా మోకాళ్ళకు ఆనించింది. మళ్ళీ నెట్టాం. మళ్ళీ వచ్చింది.

“పో సామీ, పో,” అని రాజన్న బతిమాలాడు.

“వెళ్ళనంటున్నాడండి. పండగ బాగా నచ్చినట్టుంది,” అన్నాడు సత్యం.

అప్పుడే ఒడ్డు నుంచి కేకలు. అరబ్బులు తొడిగే తెల్లటి పొడుగు అంగీ, తోబును మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని, ఒక ముసలాయన నీళ్ళలో మా వైపు వస్తున్నాడు. నా కళ్ళ ముందు స్లిప్పు, సంతకం, విమానం వరసగా కదిలాయి. ఆయన పేరు అబూ జాసిమ్ అని తర్వాత తెలిసింది. పడవ ఆయనదే. ఆ వయసు స్థానికులు చాలామందిలాగే పనివాళ్ళ హిందీ తెలుసు.

“క్యా హై యే?” అన్నాడు బొమ్మను కాలితో కదిపి.

అబద్ధం చెబుదామనుకున్నాను. ఏ అబద్ధమూ ఆ మొహానికి సరిపోలేదు. ఉన్నదంతా చెప్పాను. పండగ, ఉలి, కళ్ళు, రాజన్న నాన్న చెయ్యి, నా సరే. ఆయన విని, వంగి, బొమ్మ వీపు మీద వేలి ఎముకలతో టకటక కొట్టి చూశాడు.

“ఇలాంటివి ఎన్ని?”

“ఆరు.”

ఆయన చెయ్యి చాపి పక్కకు చూపించాడు. దూరంగా నీళ్ళలో గుంజలు వంపుగా పాతి, వాటికి వల కట్టి ఉంది. పోటుకు చేపలు లోపలికి వస్తాయి, ఆటుకు నీళ్ళు తీసేస్తే లోపలే చిక్కుకుంటాయి. పోయిన వారం గాలికి అందులో కొన్ని గుంజలు విరిగాయట. కప్పు పనులు మొదలయ్యాక మంచి దుంగ దొరకడమే గగనమైందట.

“ఇవి నాకివ్వు. పాతుకుంటాను. కానీ మొహం మాఫీ, మొహం వద్దు! నా వల దగ్గర మొహాలు కుదరవు.” రాజన్న ఉలి సంచి వైపు చూపించి, చెక్కేయమని సైగ చేశాడు.

రాజన్న సంచిని వెనక్కి దాచుకున్నాడు. “తెరిచిన కండ్లు నేను చెక్కెయ్య. సంపినా చెక్కెయ్య.”

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. తర్వాత బొమ్మను కాళ్ళ దగ్గర పట్టుకుని పైకెత్తి, తల కిందికి తిప్పి చూపించాడు. “అయితే ఇలా. మొహం మట్టిలో. కాళ్ళు పైన. నువ్వూ ఖుష్, నేనూ ఖుష్.”

నేను రాజన్న వైపు చూశాను. వాడు తలకిందులైన ఆ మొహం మీద చెయ్యి వేశాడు. “కండ్లు మట్టిలుంటయ్. పోటుకు నిలువెల్లా మునుగుతయా?”

“రోజుకు రెండుసార్లు,” అన్నాడు ముసలాయన.

“మనం ఏడాదికి ఒక్కపారే ముంచుతం,” అన్నాడు రాజన్న, కొంచెం సిగ్గుపడుతూ.

పొద్దు వాలేదాకా నలుగురం కలిసి గుంటలు తవ్వి ఆరింటినీ శీర్షాసనం వేయించాం. ఆఖరిది పాతాక రాజన్న ఒడ్డుకొచ్చి, తడి ఇసుక మీద పెన్సిలుతో మూరెడు గీత గీశాడు. తిన్నగా వచ్చింది. నేనూ ఒకటి గీశాను. పాము పాకినట్టు వచ్చింది.

“నీది పుట్టుకతోనే గట్లుంటది తియ్యి,” అన్నాడు.

తర్వాతి చలికాలం

మళ్ళీ పండగ దగ్గరపడింది. రీమా మేడమ్ ఫోను. “రామానా, పోయినేడాది బొమ్మలే కావాలంటున్నారు. ఎక్కడున్నాయి?”

స్లిప్పు ప్రకారం అవి లేవు. ‘చెత్తకు పోయాయి మేడమ్’ అంటే నా ఉద్యోగం ఉంటుంది. అనబోయాను కూడా. కానీ ఆ రోజు బొమ్మల చాటున అంతసేపు నిలబడిన మనిషి ఆవిడ. చెప్పేశాను.

“అంటే స్లిప్పులో అబద్ధం.”

“అవును మేడమ్.”

“నీ సంతకం.”

“నాదే.”

“శుక్రవారం నన్నక్కడికి తీసుకెళ్ళు,” అంది.

మేం వెళ్ళేసరికి ఆటు. ఆవిడ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, ఆ బురదలో వల దాకా నడిచింది. ఆరు జతల పాదాలు ఆకాశం వైపు చూస్తున్నాయి. ఒకదాని అరికాలి మీద నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది. వల లోపల అరచేతులంత చేపలు ఎగురుతున్నాయి. అబూ జాసిమ్ వచ్చి, రెండో గుంజ కాస్త ఒరిగిందని, పని సరిగా చేయలేదని నా మీదే ఫిర్యాదు చేశాడు. ఈసారి ఎనిమిది కావాలన్నాడు.

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి నన్ను చూసింది. “నాకు ముందే చెప్పి ఉంటే, నేనే బండి పంపేదాన్ని. అడగకపోవడమే నీ తప్పు.” ముళ్ళు పెట్టినప్పటికంటే ఆ మాటే గట్టిగా గుచ్చుకుంది.

దోహా తిరిగొచ్చాక ఎనిమిది బొమ్మలకు ఆర్డరు రాసింది. రాజన్నను పిలిపించి, ఇంకేమైనా షరతులున్నాయా అని అడిగింది. వాడు నా వైపు చూశాడు. నేను మొదటిసారి ఫోను జేబులో పెట్టి, వాడు చెప్పిందంతా పూర్తిగా విని, ఆవిడకు ఒక్కో మాటా చెప్పాను. స్నానం, ఒక్కపొద్దు, అద్దం, నీళ్ళు. ఆవిడ పారవేత స్లిప్పు తీసి, ‘ఎక్కడికి’ అన్న గడిలో తన చేత్తోనే రాసింది: అల్ రువైస్, తలకిందులుగా.

కింద సంతకం నాది. నా ఉద్యోగంలో చదివి పెట్టిన మొదటి సంతకం అదే.